అద్దం అవతలి మాట

"ఆపు! ఆపెయ్!" హెడ్‌ఫోన్స్‌లో, పాట రికార్డు చేస్తున్న మార్విస్ అరిచాడు. "ఈ పాటలో నువ్వు నిజమైన ప్రేమ కోసం వీధి వీధీ వెతుకుతున్నావమ్మా! బస్సు కోసం నిలబడ్డట్టు పాడతావేంటి?"

వొనెట్టా మైకు ముందు బిక్కచచ్చిపోయింది. తప్పు డ్రమ్స్‌ది కాదు. బ్రాంక్స్ వీధి పార్టీల్లో ర్యాప్ కుర్రాళ్ళను గంతులేయించే దరువు అది. దాని మీద చర్చిలో నేర్చుకున్న గొంతుతో ప్రేమపాట పాడాలి. ఇలాంటిది ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు. సాయంత్రం రికార్డు కంపెనీవాళ్ళు వచ్చి వింటారు. నచ్చకపోతే పాట ఇంకో పిల్లకి పోతుంది. తనేమో మళ్ళీ సూపర్‌మార్కెట్‌లో గల్లాపెట్టె ముందు కూర్చోవాలి.

"కాసేపు ఊపిరి తీసుకో," అన్నాడు మార్విస్.

రికార్డింగ్ గది అద్దం అవతల అతని వేలు మాత్రం మీట మీదే ఉండిపోయింది. ఆ మీట నొక్కి ఉంచితేనే అక్కడి మాటలు ఇక్కడ వినిపిస్తాయి. మర్చిపోయాడు కాబోలు అనుకుంది. అంతలో డెల్రాయ్ గొంతు. ఆమె మెడలో, ఆమె పేరు చెక్కిన బంగారు గొలుసు పెట్టినవాడు.

"దీనివల్ల కాదు గురూ. ఇది పాడితే సరే, లేకపోతే నాకు బెర్నీస్ ఉండనే ఉంది."

"ఎవరు, దీని పిన్ని కూతురా?"

"అయితే ఏంటట? బెర్నీస్ నిద్దట్లో కూడా నవ్వుతుంది. ఇది మెలకువలో కూడా ఏడుపుమొహమే!"

 బెర్నీస్ నిద్దట్లో నవ్వడం నిజమే. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే మంచం మీద పడుకునేవాళ్ళు. ఆ అద్దం పగలగొట్టి ఇద్దరి గొంతులూ పిసికెయ్యాలనిపించింది.

అప్పుడే దరువు మొదలైంది. కళ్ళు మూసుకుని పాడింది. గొంతు జీరపోయింది, పైకి లేచింది, ఒకచోట విరిగిపోయింది. ఆమె దేన్నీ ఆపలేదు. పాట అయ్యేసరికి అద్దం అవతల మార్విస్ కుర్చీలోంచి లేచి ఎగురుతున్నాడు.

వొనెట్టా తలుపు తోసుకుని వచ్చి గొలుసు తెంపినంత పని చేసి డెల్రాయ్ మొహాన కొట్టింది. "తీసుకెళ్ళి దానికి పెట్టుకో! ఇంకెప్పుడూ నా గడప తొక్కకు!"

"అయ్యో బంగారం, అదంతా నాటకమే! ఈ మార్విసే చెప్పమన్నాడు!"

"నిజం తల్లీ," మార్విస్ చెవులు పట్టుకున్నాడు. "వేలు కావాలనే తియ్యలేదు. లేకపోతే ఆ గొంతు బయటికొచ్చేదా? తిట్టాలంటే నన్ను తిట్టు, వాణ్ణొదిలెయ్."

 వొనెట్టా ఏడ్చింది, నవ్వింది, ఇద్దరినీ చెరో గుద్దూ గుద్దింది. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. డెల్రాయ్ వెనక నిలబడి మెడలో గొలుసు పెడుతుంటే జుట్టు పక్కకి తీసి పట్టుకుంది.

"ఎంత దొంగవెధవలర్రా మీరు! నిద్దట్లో నవ్వుతుందట! మార్విస్, అది నీకెవరు చెప్పారు?"

మెడ మీద డెల్రాయ్ వేళ్ళు ఆగిపోయాయి.

"నాకెవరు చెప్తారు? బెర్నీస్ పేరెత్తమన్నదే నేను," మార్విస్ మురిసిపోతూ అన్నాడు. "నిద్దట్లో నవ్వుతుందన్న ముక్క మాత్రం వీడి సొంతం!"