వీధి మధ్య గీత

"సోమవారం నుంచి ఆ గీత ఉండదా అండీ?" వడ్రంగి అడిగాడు. అలా అడగడం అది మూడోసారి.

పటాల కార్యాలయంలో గుమాస్తా కళ్ళజోడు ముక్కు మీదికి దించుకున్నాడు. బల్లమీద రాజధాని కొత్త పటం పరిచి ఉంది. ఇన్నాళ్ళూ పద్నాలుగు జిల్లాలు, సోమవారం నుంచి ఇరవై.

"ఉండదయ్యా. మీ వీధికి అటువైపు ఐదో జిల్లా, ఇటువైపు ఆరోది అన్నది పాత లెక్క. ఇప్పుడు రెండువైపులా ఆరే. మంచిదేగా, ఏ కాగితం కావాలన్నా ఒకే ఆఫీసు."

వడ్రంగి బల్ల అంచు పట్టుకున్నాడు.

"అటువైపు ఇంట్లో ఒకామె చిన్నపిల్లతో ఉంటోందండీ. మొగుడు తాగితే మనిషి కాడు. పోయినేడాది ఆమె చెయ్యి విరగ్గొట్టాడు. ఐదో జిల్లాలో అడుగు పెట్టకూడదని కోర్టు వాడికి ఆర్డరిచ్చింది."

"పెట్టాడా?"

"లేదండీ. ఇటువైపు గది తీసుకున్నాడు. రోజూ సాయంత్రం తాగొచ్చి, జిల్లాల హద్దుగా రోడ్డు మధ్య వేసిన తెల్లగీత దగ్గర ఆగిపోతాడు. గీతంటే భయం. ఆర్డర్లో ఐదో జిల్లా అనే ఉంది. ఇప్పుడా ఇల్లు ఆరులోకి వచ్చేస్తే..."

పటంలో ఆ ఇల్లున్న చోట వేలు పెట్టాడు.

"కోర్టుకెళ్ళి ఆర్డరు మార్పించుకోవాలి."

"వెళ్ళానండీ. నెల పడుతుందన్నారు. సోమవారం ఎల్లుండే. ఆ ఒక్క ఇల్లూ ఐదులో ఉంచండి. పెన్సిలు కాస్త పక్కకి జరిపితే చాలు."

"గీత నేను గీసింది కాదయ్యా. పైవాళ్ళు గీశారు, నేను రంగులేశాను."

గీత విలువ వడ్రంగికి ఒకరు చెప్పాలా? ఇరవై ఏళ్ళుగా చెక్కమీద గీసిన గీత దాటి రంపాన్ని పోనిచ్చింది లేదు. ఆ తెల్లగీత లేకపోతే జరగబోయేది అతనికి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. ఆమె తలుపు అతను చేసిందే. ఎన్ని తోపులకు గడియ ఊడుతుందో అతనికి తెలుసు. పిల్ల మంచం కిందికి దూరుతుందనీ తెలుసు.

గుమాస్తా మనసు కరిగింది.

"మీ చెల్లెలా?"

"మా ఇంటి మనిషేనండీ."

"సరే, స్టేషన్లో నాకు తెలిసినాయన ఉన్నాడు." గుమాస్తా ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "ఆర్డరు మారేదాకా వాడి మీద ఓ కన్నేసి ఉంచమంటాను. ఇంతకీ వాడెక్కడ దొరుకుతాడు?"

వడ్రంగి రెండు చేతులూ తెచ్చి పటం మీద పెట్టి, "మీ ఎదురుగానే ఉన్నానండీ" అన్నాడు.