పేజీల మీద మంచు

"నవల బాగుంది. ముద్రణే బాగోలేదు," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

లైబ్రరీ మేడ మీది గదిలో అందరూ తలలూపారు.

ప్రతి నెలా మొదటి ఆదివారం, ఈమధ్య చదివిన పుస్తకాల గురించి ఆయన అక్కడ మాట్లాడతాడు. కళ్ళజోళ్ళ దుకాణం కొడుక్కి అప్పగించాక ఆయనకు లోకమంతా ఆ గంటసేపే. తడుముకోడు, నీళ్ళు నమలడు. మొదలుపెడితే గడియారం కూడా ఆగి వినాల్సిందే.

"తమ్ముడు అన్నతో గొడవపడి ఇల్లు వదిలిపోతాడు. ఏళ్ళు గడిచాక మంచులో పడవేసుకుని తిరిగొస్తాడు. రేవులో దీపాల చుట్టూ రంగురంగుల వలయాలు. రచయిత ఆ మంచును ఎంత బాగా రాశాడంటే, చదువుతుంటే పేజీల మీద కూడా మంచు కమ్మేసింది."

అందరూ నవ్వారు. ముందు వరుసలో ఉన్న ఒకావిడ మాత్రం నవ్వలేదు.

ఆవిడెవరో ఎవరికీ తెలియదు. ఈమధ్యే రావడం మొదలుపెట్టింది. నలిగిన చీర, ఒళ్ళో గొడుగు. ఫోను మోగితే మధ్యలోనే లేచి వెళ్ళిపోతుంది. ఉన్నంతసేపూ పుస్తకం వంక చూడదు, ఆయన ముఖంలోకే చూస్తుంది.

"పోయిన నెల తేనెటీగల పుస్తకం గురించి చెప్పారు కదండీ, అందులో కూడా మంచుందా?" అని అడిగింది.

"తేనెటీగల్లో మంచెందుకుంటుందమ్మా? అది కథ కాదు, శాస్త్రం. కాకపోతే అక్షరాలు వెలిసిపోయాయి. సిరాకి కరువొచ్చినట్టుంది."

"మరి దీపాల చుట్టూ వలయాలు? రచయిత రాశాడా, మీకే అలా కనిపించాయా?"

ఆయనకు చిర్రెత్తుకొచ్చింది.

"పుస్తకం గురించి అడగండమ్మా."

"సరే, పుస్తకం గురించే. ఆఖరికి అన్న తలుపు తీశాడా?"

ఆఖరి అధ్యాయం ఆయన చదవలేదు. చదవలేకపోయాడు. కిటికీ దగ్గర కూర్చుని చూశాడు, దుకాణంలో ఉన్న అద్దాలన్నీ మార్చి చూశాడు. అక్షరాలు అలుక్కుపోయాయే తప్ప విడివడలేదు.

జనానికి కళ్ళజోళ్ళు అమ్మి బతికిన మనిషి తన కంట్లో శుక్లం వచ్చిందని ఎలా ఒప్పుకుంటాడు? ఆపరేషన్ మాటెత్తితే పై ప్రాణాలు పైనే పోతాయి. అది కాస్తా వికటిస్తే ఇక జన్మలో పుస్తకం ముట్టుకోలేడు. అందుకే ముగింపు చెప్పకపోవడం ఒక నియమంగా పెట్టేసుకున్నాడు.

"ఆఖరు నేను చెప్పను. చదివి తెలుసుకోవాలి."

"చదివే తీరికే ఉంటే మీ దగ్గరికెందుకొస్తాను బాబాయిగారూ?"

"తీరిక లేనివాళ్ళకు పుస్తకాలెందుకమ్మా? వేరే కాలక్షేపం చూసుకోండి."

వెనక వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆవిడ మాత్రం నవ్వుతూనే గొడుగు తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర కూర్చున్న ఆయన భార్య చెవిలో ఏదో చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"ఏమంటోంది?" అన్నాడాయన ఇంటికెళ్తూ.

"ఆ నవల పేరడిగింది," అంది భార్య.

మరుసటి నెల ఆవిడ రాలేదు. అడ్డుప్రశ్నలు వేసే మనిషి లేకపోయేసరికి ఆయన మాటకు ఊపు రాలేదు. పాపం, అంత మాట అనకుండా ఉండాల్సింది అనుకున్నాడు. ఖాళీ కుర్చీ చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంది.

ఆ వారంలోనే ఒక ఉదయం, "అలా నిలబడ్డావేం? వచ్చి కూర్చో," అన్నాడు కిటికీ వైపు తిరిగి.

"అది తెరండీ. నేనిక్కడున్నాను," అంది భార్య వెనక నుంచి. "ఇక మీ మాట వినను. ఆస్పత్రిలో అంతా మాట్లాడేశాను. రేపే వెళ్తున్నాం."

"ఎప్పుడు మాట్లాడావు?"

"మీరు తెరలకు మర్యాదలు చేస్తూ తిరుగుతున్నప్పుడు."

మర్నాడు ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టారు. కంట్లో చుక్కలు వేశారు. ముఖమంతా గుడ్డ కప్పి ఒక్క కన్ను మాత్రం బయట ఉంచారు. పైన కళ్ళు జిగేల్మనే వెలుగు తప్ప ఏమీ కనిపించడం లేదు. రెండు చేతులతో బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"తల కదపకండి. మాట్లాడకండి కూడా," అంది డాక్టరమ్మ ముఖానికున్న మాస్కు వెనక నుంచి. "నేను కథ చెబుతాను, మీరు వినండి. ఒక తమ్ముడు అన్నతో గొడవపడి ఇల్లు వదిలిపోయాడు."

ఆయన నోరు తెరవబోయి, తెరవకూడదని గుర్తొచ్చి మానుకున్నాడు.

పడవ బయల్దేరింది. మంచు కమ్మింది. చూస్తుండగానే కథ ఆయన చదవని అధ్యాయంలోకి వెళ్ళిపోయింది. తమ్ముడు రేవులో దిగాడు. తడిసిన మెట్లెక్కాడు. తలుపు తట్టాడు. లోపల అడుగుల చప్పుడు. గడియ మీద ఎవరిదో చెయ్యి పడింది.

బల్ల అంచు ఎప్పుడు వదిలేశాడో ఆయనకే తెలియదు.

కథ అక్కడ ఆగింది. కంటి మీద మెత్తగా కట్టు పడింది.

"అయిపోయింది. ఇక మాట్లాడొచ్చు."

"అన్న తలుపు తీశాడా అమ్మా?" అన్నాడాయన, ఇంకేమీ తోచక.

"చదవడానికి నాకు నెల పట్టింది. ఆఖరు మాత్రం చెప్పను బాబాయిగారూ," అని నవ్వింది ముందు వరుసలో కూర్చునే ఆవిడ, "రేపు కట్టు విప్పాక మీరే చదివి తెలుసుకోండి."