పై డబ్బా అడ్రసు

అమ్ములూ,

నేను ఊడ్చే ప్రొద్దుటూరు గుడ్డలంగట్లో, కంప్యూటర్లన్నీ కలపడానికి నువ్వు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్విచ్చి డబ్బాల్లో ఈరోజు పైది కాలిపోయింది. కొత్త ఇంజనీరు పవన్‌కుమార్ కంప్యూటర్లు గుర్తుపట్టే పైదాని అడ్రసు తీసేసి కింది డబ్బాది ఎక్కించబోతే చీపురు అడ్డం పెట్టాను.

"మా పాప పెట్టిన అడ్రసు తీసెయ్యొద్దప్పా."

అతను తెరలో చూసి నవ్వాడు. "చీపురు దించు పెద్దమ్మా. పైది పోయినా కిందిది పైదాని అడ్రసుతోనే పలకాలని మీ పాప ముందే పెట్టిపోయింది. అందుకే ఒక్క బిల్లూ ఆగల్యా. నేను ముట్టుకోనులే."

నువ్వు కన్నుమూసినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఈ కార్డు మీద నీ పేరు, మన ఇంటి అడ్రసు రాశాను. పోస్టాయన "అమూల్యా" అని పిలిస్తే నేనే పలుకుతాను, నేనే చదువుకుంటాను.

కడుపునిండా తిను.