ఎండుపోచల గూడు

బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకు గిజిగాళ్ళందరూ గూళ్ళు అల్లుతున్నారు. గూడు సగమయ్యాక ఆడపిట్ట వచ్చి ముక్కుతో గట్టిగా లాగి చూస్తుంది. గూడు నిలిస్తే ఉంటుంది, ఊడితే ఎగిరిపోతుంది. అది వాళ్ళ ఆచారం.

వాళ్ళలో ఒకడు, మొదటి గూడు ఊడిపడిన రోజే తనకు 'చేతకానివాడు' అని పేరు పెట్టుకున్నాడు. తర్వాత కట్టిన రెండు గూళ్ళూ ఊడిపోయాయి. నాలుగోది సగమయ్యేసరికి ఓ ఆడపిట్ట వచ్చి వాలింది.

"లాగకమ్మా, ఊడిపోతుంది. నేను చేతకానివాణ్ణి," అన్నాడు.

ఆమె లాగలేదు. గూడంతా తేరిపార చూసింది. "పక్కనే పచ్చటి వరిచేను పెట్టుకుని, అంతా ఎండుపోచలతో అల్లావేం?"

"పచ్చివి చేతనైనవాళ్ళకి. నాకు కింద రాలినవి చాలు. ఎలాగూ ఊడేదేగా!"

"ఎండుపోచని ముడేస్తే విరుగుతుందని తెలీదూ?"

"తెలుసు."

"అన్నీ తెలిసినవాడివి, చేతకానివాడివి ఎలా అయ్యావు?" అనేసి ఎగిరిపోయింది.

 గిజిగాడు ఆ గూటిని తనే పీకి కిందికి తోసేశాడు. చేలోకి వెళ్ళి పచ్చటి ఆకును సన్నగా చీల్చుకొచ్చాడు. ఆ రోజంతా అల్లాడు. మర్నాడూ అల్లాడు. ముక్కు నొప్పెట్టింది, అయినా ఆపలేదు.

మూడోనాడు ఆ ఆడపిట్టే మళ్ళీ వచ్చింది. "ఈ గూడు ఎవరిది?" అంది.

నోటిదాకా వచ్చిన పాత పేరును మింగేశాడు.

"నాది. లాగి చూడు."