చూశానుగా

"గ్యాస్ కట్టేశానా?" బస్సు కదలగానే భార్య అడిగింది.

మామూలుగా అయితే "కట్టేశావు, నేను చూశానుగా" అనేవాడు. కానీ ఆ జవాబే పదే పదే అనుమానం పుట్టించే ఆమె ఓసీడీ జబ్బుకి మేత అని కౌన్సెలింగ్ డాక్టరమ్మ నిన్న ఆయనకే గడ్డి పెట్టింది.

"ఏమో, తెలీదు," అన్నాడు.

ఆమె ముందు సీటు కమ్మీ బిగించి పట్టుకుంది. నుదుటికి చెమట పట్టింది. దిగిపోదామని లేచి, ఓర్చుకోమన్న డాక్టరమ్మ మాట గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది. ఊరు దాటేసరికి చేతులు వదులయ్యాయి.

"తగ్గిందండీ," అంది.

ఆయన వెనక్కి తిరిగి ఊరి వైపు చూశాడు. ఇన్నేళ్ళూ చూశానని చెప్పాడే గానీ, ఏనాడూ వంటింట్లోకి తొంగి చూసిన పాపాన పోలేదు.

"నిజంగా కట్టేశావంటావా?" మెల్లగా అడిగాడు.

"ఏమో, తెలీదండీ," అంటూ ఆమె కమ్మీ చూపించింది. "గట్టిగా పట్టుకోండి. కాసేపటికి అదే తగ్గుతుంది."