మతిమరుపు కంప్యూటర్

"మళ్లీ పోయింది!" ప్రూఫ్‌రీడర్ బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. టీ గ్లాసు తుళ్లిపడింది.

మూడు రోజుల్లో మూడు ఉత్తరాలు. సాయంత్రం రాసి దాచుకుంటాడు, పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే ఆనవాలు కూడా ఉండదు. అన్నతో తెగతెంపులు చేసుకునే ఉత్తరమది. "కామాలు దిద్దుకునేవాడికి ఇంటి విషయాలెందుకు?" అని నలుగురిలో అనేశాడు ఆ పెద్దమనిషి. చేత్తో రాసి పంపితే కొట్టివేతలు చూసి ఇంకా నవ్వుతాడు. పైగా ఏది రాసినా ఒక రోజు పక్కన పెట్టి, మర్నాడు తప్పులు దిద్దితే గాని గడప దాటనివ్వకపోవడం ప్రూఫ్‌రీడర్‌కి ముప్పై ఏళ్ల అలవాటు.

పళ్లు కొరుక్కుంటూ నాలుగోసారి రాయడం మొదలుపెట్టాడు. భార్య ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి ఆమె తమ్ముడు వచ్చాడు. కంప్యూటర్లు బాగుచేసే షాపు అతనిది. పోయిన వారం పాత సిస్టమ్ పాడైతే, దాని బదులు లైవ్ లినక్స్ అనే తాత్కాలిక సిస్టమ్ పెట్టి వెళ్లింది అతనే.

"ఏం పెట్టావయ్యా దీంట్లో? నిన్నటి సంగతి ఇవాళ గుర్తుండదు!"

"లైవ్ సిస్టమ్ అంతే బావా. ఆన్ చేసిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. ఆపేస్తే అంతా తుడిచిపెట్టుకుపోతుంది."

"పుట్టనీ, చావనీ! మధ్యలో నా ఉత్తరం ఏం పాపం చేసింది? మొదటిది నాలుగు పేజీలు రాశాను. రెండోది రెండు. నిన్న ఒకటిన్నర. ఇవాళ అరపేజీకే చెయ్యి ఆగిపోయింది. రాసిందే రాసి కోపం కూడా అరిగిపోతోంది!"

ఆ అరపేజీ పోతుందన్న భయంతో ప్రూఫ్‌రీడర్ భోజనం కూడా కంప్యూటర్ ముందే చేశాడు. భార్య కంచం తీయడానికి వచ్చి, భర్త భుజం మీదుగా తెర చదివింది.

"దీనికి కాస్త గుర్తుండేలా చెయ్యరా తమ్ముడూ," అంది.

తమ్ముడు అక్క వంక వింతగా చూశాడు. ఉత్తరాన్ని డిస్క్‌లో వేరే చోట భద్రపరిచి, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే మెనూలో 'గుర్తుంచుకో' అని అర్థమొచ్చే ఒక్క ఇంగ్లీషు మాట చేర్చాడు. ఆపేసి, మళ్లీ ఆన్ చేశాడు. ఉత్తరం అక్షరం పొల్లుపోకుండా ఉంది.

"ఒక్క మాటా! దానికోసం మూడు రోజులు నన్ను ఏడిపించావా? మొదటి రోజే పెట్టి చావొచ్చుగా!"

తమ్ముడు తిట్లన్నీ తిని, చెప్పులు వేసుకున్నాడు. గేటు దాకా అక్క వెంట వచ్చింది.

"ఆ మాట మొదటి రోజే పెట్టానుగా అక్కా! బావ ఉత్తరం రాస్తాననగానే, ఆయన చూడకుండా తీసెయ్యమని నువ్వే పట్టుబట్టావు. ఇప్పుడేమో మళ్లీ పెట్టమన్నావు. మధ్యలో తిట్లు నాకా?"

"మొదటి మూడూ 'అయ్యా' అని మొదలుపెట్టార్రా," అంది అక్క. "ఇవాళ 'అన్నయ్యా' అని రాశారు."