లైట్ టెస్ట్

"ఏమండీ పెద్దాయనా, మిమ్మల్నే! కాస్త ఆ కుర్చీలో కూర్చుంటారా?"

స్టేజీ పక్కన నిలబడ్డ పెద్దాయన ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"నేనా? అక్కడా?"

"రెండు నిమిషాలు చాలు. వెలుగు ఎలా పడుతుందో చూసుకోవాలి."

అడిగినతను బీమా ఆఫీసులో గుమాస్తా. జీతం కోసం కాగితాలు దిద్దుతాడు, ప్రాణం పెట్టి ఫోటోలు తీస్తాడు. వాళ్ళావిడ ఆ కెమెరాను సవతి అంటుంది. ఇన్నాళ్ళూ జనం భుజాల మీంచి, చంకల కిందనుంచి దూరి కచేరీల ఫోటోలు తీసినవాడికి ఇవాళే మొదటిసారి మెడలో పాసు పడింది.

"ఒక్క మంచి ఫోటో తియ్యవయ్యా. వచ్చేసారి పోస్టరు మీద అదే వేస్తాం, కింద నీ పేరుతో సహా" అని వారం కిందటే అన్నాడు సంగీత సభ కార్యదర్శి.

ఆ మాట విన్నప్పటి నుంచీ గుమాస్తాకు కంటి మీద కునుకు లేదు. అందరికంటే ముందే మైదానానికి వచ్చి, కాలుగాలిన పిల్లిలా స్టేజీ చుట్టూ తిరుగుతున్నాడు. పొద్దు వాలుతోంది. వయొలిన్ వాయించే ఆవిడ వచ్చి కూర్చునేలోగా వెలుగు లెక్క కుదరకపోతే పోస్టరూ లేదు, పేరూ లేదు.

పెద్దాయన మెట్లెక్కి కుర్చీ అంచున కూర్చున్నాడు. మైకులు సరిచూసినవాళ్ళు ఆవిడ ముందే పంపిన వయొలిన్‌ను పక్క బల్ల మీద, తెరిచిన పెట్టెలోనే వదిలి టీకి వెళ్ళారు.

"చేతులు అలా వేలాడేశారేంటండీ? వాయిస్తున్నట్టు పెట్టండి."

పెద్దాయన కాసేపు పెట్టెకేసి చూశాడు. తర్వాత వయొలిన్ తీసి భుజానికి ఆనించుకున్నాడు.

"అయ్యయ్యో, దాన్ని ముట్టుకోకండి! సరే, ఎలాగూ పట్టుకున్నారుగా, కదలకండి."

గుమాస్తా కెమెరా తెర మీంచి కళ్ళు తిప్పలేదు. ఎదురుగా తీగలు బిగించే బిరడాలు కిర్రుమన్నాయి. ఆ వెంటనే ఏదో సన్నగా మోగింది.

"తలెత్తండి. ముఖం చీకటైపోతోంది."

ఎత్తాడు.

"కళ్ళు తుడుచుకోకండి, చెయ్యి అడ్డొస్తోంది. ఆఁ, చాలు. దిగండి, దిగండి. ఎవరైనా చూస్తే నా పని అయిపోతుంది!"

పెద్దాయన వయొలిన్‌ను పెట్టెలో పడుకోబెట్టి నెమ్మదిగా దిగాడు.

"బాబూ, అందులో ఒకటి నాకిస్తావా?"

"ఇవి ఫోటోలు కావండీ, లైట్ టెస్టులు. ఇదిగో, చెరిపేస్తున్నా కూడా."

"పోన్లే."

"ముందు వరస ఖాళీగానే ఉంది, కూర్చోండి" అన్నాడు గుమాస్తా, కాస్త జాలిపడి.

"నేను దూరం నుంచి వింటాను బాబూ."

చీకటి పడింది, మైదానం నిండింది. ఆవిడ వచ్చి కూర్చుంది. కమాను తీగల మీద పెట్టి ఒక్కసారి లాగి, ఆగిపోయింది. మళ్ళీ లాగింది. మైకు దగ్గరికి వంగింది.

"నా వయొలిన్ శ్రుతి చేసిందెవరు?"

మైకులవాళ్ళు మాకు తెలీదని తలలూపారు. కార్యదర్శి గబగబా గుమాస్తా దగ్గరికొచ్చాడు.

"ముందునుంచీ ఇక్కడున్నది నువ్వేగా? ఎవరైనా పైకెక్కారా?"

గుమాస్తా కెమెరా తెర తుడుస్తున్నట్టు తల దించుకున్నాడు. నిజం చెబితే మెడలో పాసు ఊడుతుంది.

"నేను చూళ్ళేదండీ."

ఆవిడ తీగలు సరిచేసుకోలేదు. అలాగే వాయించింది. జనం మైమరచి విన్నారు గానీ గుమాస్తాకు ఒక్క స్వరమూ చెవికెక్కలేదు. వాయిస్తున్నంతసేపూ ఆవిడ చూపు జనంలోనే ఉంది. ఒకసారి ఈ మూల, ఒకసారి ఆ మూల. ఏ ఫోటోలోనూ కుదురుగా లేదు.

"ఒక్కసారి తీగలకేసి చూడమ్మా తల్లీ" అని సణుక్కుంటూ అతను కుడికీ ఎడమకీ పరుగెత్తాడు. మెమరీ కార్డు నిండిపోయేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

కచేరీ అయిపోయింది. చప్పట్లు ఆగకముందే ఆవిడ స్టేజీ దిగి నేరుగా అతని దగ్గరికొచ్చింది.

"నేను రాకముందు మీరిక్కడే ఉన్నారట. కోప్పడను, నిజం చెప్పండి. ఇలా శ్రుతి చేసేది నాకు తెలిసి ఒక్కరే. ఎవరు చేశారు?"

ఆ గొంతులో కోపం లేదు. అందుకే గుమాస్తాకు భయం వేసింది.

"ఎవరో పెద్దాయనండీ. వెలుగు చూసుకుందామని నేనే కూర్చోబెట్టాను."

"ఫోటో ఉందా?"

"చెరిపేశానండీ. వాటి మీద మీవి వందలకొద్దీ ఎక్కించేశాను."

"ఎలా ఉన్నారు? చిక్కిపోయారా? కళ్ళద్దాలు పెట్టుకున్నారా?"

గుమాస్తా గుర్తు చేసుకోబోయాడు. ఆ ముఖం మీద పడ్డ వెలుగు గుర్తుంది. ముఖం గుర్తు లేదు.

"దూరం నుంచి వింటానన్నారు. ఇందాకటిదాకా ఇక్కడే ఉండుంటారు" అంటూనే అతను గేటు వైపు పరుగెత్తాడు. జనం గుంపులు గుంపులుగా రోడ్డెక్కి నాలుగు వైపులా పోతున్నారు. పెద్దవయసు మనిషి కనబడితే చాలు, ముందుకెళ్ళి ముఖంలోకి చూశాడు. ఎవరిని చూసినా ఆయనే అనిపించింది, ఎవరూ ఆయన కారు. సిగ్గుతో, ఆయాసంతో తిరిగొచ్చేసరికి కుర్చీలు మడతపెడుతున్నారు. ఆవిడ అక్కడే నిలబడి ఉంది.

"క్షమించండమ్మా. అప్పుడే చెప్పుంటే దొరికేవారు. పాసు పోతుందని అబద్ధమాడాను. ఇంతకీ ఎవరమ్మా ఆయన?"

ఆవిడ ఖాళీ అయిన మైదానంకేసి చూస్తూ అంది:

"చెప్పాపెట్టకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోయిన మా నాన్న చెవిన నా వాయింపు ఏ ఊళ్ళోనైనా పడకపోతుందా అనే, నేను హాళ్ళలో వాయించడం మానేసి ఇలా మైదానాల్లో వాయిస్తున్నానండీ."